నిదానం గారి కుర్చీ

గౌరవనీయులైన సోదరి గారికి,

పట్టణ పౌర సంఘం కార్యదర్శి నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేమందరం క్షేమం. మీరు క్షేమంగా ఉండే పరిస్థితి కాదని తెలిసినా, ఉత్తరం మొదట్లో అడగడం మర్యాద కనుక మీ క్షేమం కోరుతున్నాం.

బస్సు స్టాండు ఎదురుగా నలభై ఒక్క సంవత్సరాలు కటింగ్ షాపు నడిపి, ఊరందరి చేతా 'నిదానం గారు' అనిపించుకున్న మీ భర్త ఇక లేరన్న వార్త మమ్మల్ని నిశ్చేష్టుల్ని చేసింది. టీ కొట్టాయన ఎవరితోనో "నిదానం పోయాడుగా, పాపం" అంటుండగా మా కోశాధికారి స్వయంగా విన్నారు. విన్న రెండో రోజునే కార్యవర్గం సమావేశమై ప్రగాఢ సంతాపం తెలిపింది. పదకొండు మందికి తొమ్మిది మంది హాజరయ్యారు. మా సంఘం చరిత్రలో ఇంత హాజరు ఎన్నడూ లేదు.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం హాలులో సంస్మరణ సభ జరపాలనీ, ఒక ప్రత్యేక సంచిక వెలువరించాలనీ తీర్మానించాం. కనుక కీర్తిశేషుల జీవిత విశేషాలు, అనగా ఎక్కడ పుట్టారు, ఎంతవరకు చదివారు, ఏయే ప్రముఖులకు క్షవరం చేశారు మొదలైనవి తెలుపగలరు. రెండేళ్ల క్రితం బస్సు స్టాండు సుందరీకరణలో వారి షాపును తొలగించవలసి వచ్చినప్పుడు మా సంఘం ఎంత బాధపడిందో మీకు తెలియనిది కాదు.

ఇట్లు,
విధేయుడు,
కార్యదర్శి

తా.క.: శిలాఫలకం మీద చెక్కించడానికి వారి అసలు పేరు కావాలి. తొమ్మిది మందిలో ఒక్కరికీ తెలియలేదు.

ఇంకో తా.క. (ఇది సంఘం తరఫున కాదు): కొత్త ఏసీ సెలూన్‌లో నా మీసం కుడివైపు ఒకలా, ఎడమవైపు ఒకలా చేశారు. ఏ పక్క నుంచి చూస్తే నేను నేనులా ఉంటానో మా ఆవిడ ఇంకా తేల్చుకోలేదు.

* * *

కార్యదర్శి గారికి,

నిదానం గారి భార్య నమస్కారాలు. మీ ఉత్తరం చేరింది. అచ్చు కాగితం, గుండ్రటి ముద్ర, అన్నీ ఉన్నాయి. ఆయన ఎదురుగా కూర్చుని పైకి చదివాను.

ఎక్కడ పుట్టాడని అడిగారు. ఓ చిన్న ఇంట్లో, అందరూ పుట్టినట్టే. చదువు నాలుగో తరగతి దాకా సాగింది. ఇక ప్రముఖుల సంగతి. మెడ చుట్టూ గుడ్డ కట్టాక ఎవరు ప్రముఖుడో ఎవరు కాదో ఎలా తెలుస్తుందండీ? తల వంచమంటే అందరూ వంచారు. మీ అధ్యక్షుల వారు మరీ వినయంగా వంచేవారట. మళ్లీ ఎన్నికలప్పుడు తప్ప ఆయన తల వంచడం ఇంకెక్కడా చూడలేదని మా ఆయన మాట.

సభా వద్దు, సంచికా వద్దు, రాయీ వద్దు. ఒక్కటే అడుగుతున్నాను. మా ఆయన కుర్చీ ఇప్పించండి. ఆయనకి కావాలి. ఆలస్యం చెయ్యకండి.

ఇట్లు,
నిదానం గారి భార్య

తా.క.: నలభై ఏళ్లు గొంతు అప్పగించి కూర్చున్నారు, కత్తి పట్టుకున్నవాడి పేరేంటని ఒక్కరికీ తోచలేదా? చెక్కించక తప్పదంటే నిదానం అనే చెక్కించండి. అసలు పేరు చెక్కిస్తే ఎవరో పరాయివాడనుకుని వచ్చినవాళ్లు కూడా లేచిపోతారు.

ఇంకో తా.క.: తప్పు సెలూన్ వాళ్లది కాదు. మీ పైపెదవి ఎడమవైపు కాస్త పైకి లేచి ఉంటుంది. మీకు తెలియకుండా మా ఆయన ఇన్నేళ్లూ మీసంతో సర్దుకొచ్చాడు.

* * *

గౌరవనీయులైన సోదరి గారికి,

నమస్కారములు. మీరు మా ఉత్తరాన్ని ఆయన చిత్రపటం ఎదుట కూర్చుని చదివారని తెలిసి కార్యవర్గ సభ్యుల కళ్లు చెమర్చాయి. కోశాధికారి అయితే కళ్లద్దాలు తుడుచుకోవడానికి బయటికే వెళ్లారు. టీ కూడా తాగి వచ్చారు.

కుర్చీ విషయం. ముందు వరుసలో ఎడమ నుంచి ఆరో కుర్చీ మీకు కేటాయించాలని మొదట అనుకున్నాం. ఒకరు లేచి, వేదిక మీదే ఇవ్వడం న్యాయమన్నారు. అలాగే నిర్ణయించాం. తర్వాత మీ ఉత్తరాన్ని మళ్లీ చదివితే, "ఆయనకి కావాలి" అన్న వాక్యం కనబడింది. దివంగతుల పేర కూడా ఒక ఖాళీ కుర్చీ ఉంచాలన్నది మీ సున్నితమైన ఉద్దేశమని కోశాధికారి వివరించారు. అదీ ఏకగ్రీవంగా ఆమోదించాం. మీకొకటి, వారికొకటి. రెండింటికీ వెనక తెల్ల గుడ్డ కప్పిస్తాం.

ఇట్లు,
విధేయుడు,
కార్యదర్శి

తా.క.: దీంతో వేదిక మీద కుర్చీలు పద్నాలుగు అయ్యాయి. కింద జనం అంతమంది వస్తారో రారో అని నాకు లోపల బెంగగా ఉంది.

ఇంకో తా.క.: అద్దంలో చూసుకున్నాను. పెదవి సంగతి నిజమే. పెళ్లయి ముప్పై ఏళ్లయింది, మా ఆవిడకీ తెలియదట. తెలిసినా చెప్పలేదేమో.

* * *

కార్యదర్శి గారికి,

నమస్కారాలు. అడగని కుర్చీలు రెండిచ్చి అడిగిన కుర్చీ ఎగ్గొట్టారు.

నాకు మీ వేదిక మీద కుర్చీ వద్దు. నేను అడిగేది ఆయన సొంత కుర్చీ, ఆ తిరిగే కుర్చీ. రెండేళ్ల క్రితం మీరంతా కలిసి ఆయన దగ్గర తీసేసుకున్నది. అందులో ఇప్పుడు వేరేవాళ్లు కూర్చుంటున్నారని విన్నాం. కూర్చున్నవాళ్లని మర్యాదగా లేచి ఇచ్చెయ్యమనండి. వాళ్లు హాయిగా వెనక్కి వాలుతుంటే ఇక్కడ ఒక్కో రోజు ఎలా గడుస్తోందో మాకు తెలుసు.

లారీ మేమే మాట్లాడుకుంటాం. ఎప్పుడు పంపమంటారో ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
నిదానం గారి భార్య

తా.క.: పద్నాలుగు మంది పైన కూర్చుంటే ఆ కింద మిగిలిన నలుగురైదుగుర్ని కూడా పైకే పిలిచెయ్యండి. హాలు ఊడవడానికి వీలుగా ఉంటుంది.

* * *

గౌరవనీయులైన సోదరి గారికి,

నమస్కారములు. ఈ ఉత్తరం అత్యవసరం, పైగా రహస్యం.

మీ జాబును కార్యవర్గంలో చదివి వినిపించాను. "తిరిగే కుర్చీ" అన్న మాట దగ్గరకు రాగానే ఉపాధ్యక్షులు ఒక్క ఉదుటున లేచారు. అధ్యక్ష పదవి ఏడాదికొకరి చొప్పున తిరగాలని సంఘం నిబంధనల్లోనే ఉందనీ, పంతొమ్మిదేళ్లుగా అది ఒక్కరి దగ్గరే ఆగిపోయిందనీ, ఈ మాట అనడానికి ఒక ఇంటి ఇల్లాలికి ఉన్న ధైర్యం మగవాళ్లం మనకు లేకపోయిందనీ బల్ల గుద్ది చెప్పారు. గ్లాసు పడింది. ఈ ఉత్తరం మీ చేత ఎవరో రాయించారని అధ్యక్షులవారు, ఆ ఎవరో ఎవరో చెప్పమని ఉపాధ్యక్షులు, ఒకరి మీద ఒకరు లేచారు.

"ఆయన దగ్గర తీసేసుకున్నది" అన్నారు కదా అని పాత మినిట్సు పుస్తకాలు తిరగేశాం. తొమ్మిదేళ్ల క్రితం మహాసభకు కోరం చాలక, ఎదురుగా షాపులో ఉన్న మీ భర్తను పిలిచి, కత్తెర చేతిలో ఉండగానే సంతకం పెట్టించుకున్నట్టు బయటపడింది. అంటే ఆయన సభ్యులే! దాంతో వివాదం ముదిరింది. చివరకు మధ్యేమార్గంగా, వారిని మరణానంతర గౌరవ ఉపాధ్యక్షులుగా ఎన్నుకున్నాం. అసలు ఉపాధ్యక్షులు అలిగి రాజీనామా ఇచ్చి, టీ వచ్చాక వెనక్కి తీసుకున్నారు.

దీంతో మీకు తృప్తి కలుగుతుందని ఆశిస్తూ,

విధేయుడు,
కార్యదర్శి

తా.క. (చదివి చించెయ్యండి): మీరు అడుగుతున్న కుర్చీ ఏదో నాకు మొదటి ఉత్తరంలోనే అర్థమైంది. కానీ ఏం చెయ్యను? అధ్యక్షులవారు అందులోనే కూర్చుని మీ ఉత్తరం విన్నారు. ఆయనకి నడుం నొప్పి, అందులో తప్ప ఇంకెందులోనూ కూర్చోలేరు. "మర్యాదగా లేచి ఇచ్చెయ్యమనండి" అని నేను చదవగానే కుర్చీతో సహా నా వైపు తిరిగారు. నా గొంతు ఆరిపోయింది. ఈసారి చెక్కా ఇనుమూ నట్లూ బోల్టులతో సహా రాయండి. నా మాటగా చెప్పలేను గానీ, మీ మాటగా చదువుతాను.

* * *

కార్యదర్శి గారికి,

నమస్కారాలు. మీ గొంతు ఆరిపోయినందుకు విచారిస్తున్నాం. ఇది గట్టిగా చదవండి.

నేనడిగేది పదవి కాదు. ఇనప కుర్చీ. పళ్ల డాక్టరు ఒకాయన ఊరొదిలి వెళ్తూ మా ఆయనకిచ్చి వెళ్లిన కుర్చీ. కింద గుండ్రటి దిమ్మ, కాలితో తొక్కితే పైకి లేస్తుంది. వీపు వెనక్కి వాలుతుంది. తల కదలకుండా అటూ ఇటూ రెండు చిన్న దిండ్లు. మనిషి పక్కకి ఒరగకుండా చేతులు. కాళ్ల కింద పీట. తోలు మీద ఎడమ చేతి దగ్గర చిరుగు, దాని మీద నేను కుట్టిన నీలం గుడ్డ ముక్క. ఇన్ని సదుపాయాలున్న కుర్చీ మాకు ఇంకొకటి దొరకదు. వెతికాం.

జీవిత విశేషాలు అడిగారుగా, ఇవి కూడా చదవండి. ఇరవై రెండేళ్ల వయసులో ఆ ఊరొచ్చాడు. నిదానం అని మీరే పేరు పెట్టారు, ఆలస్యం చేస్తాడని. సబ్బు రాసే ముందు బొటనవేలితో చెంప నిమిరి, వెంట్రుక ఎటు పెరుగుతోందో చూసేవాడు. ఉద్యోగానికి పిలుపొచ్చినవాడికైనా, పోలీసాయనకైనా అదే చూపు, అదే వేలు. ఆదివారం షాపు మూసి ఆస్పత్రికి వెళ్లేవాడు, మంచం మీంచి లేవలేనివాళ్లకి గడ్డం గియ్యడానికి. "నొప్పి ఎలాగూ ఉంటుంది, మొహమైనా తేలిగ్గా ఉండాలి కదే" అనేవాడు. మీ నాన్నగారికి ఏడు నెలలు మీ ఇంటికొచ్చి గీశాడు. మీకు గుర్తుండే ఉంటుంది.

షాపు తీసెయ్యాలని మీరు పెట్టుకున్న అర్జీ నకలు ఆయన చేతికొచ్చింది. రెండువందల పన్నెండు సంతకాలు. పేర్లు చదువుతూ ఒక్కొక్కరి తలా చెప్పాడు. ఇతనికి చెవి వెనక పుట్టుమచ్చ, ఇతనికి నడినెత్తిన రెండు సుడులు, ఇతనికి చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డ గాటు. అన్నీ ఆయన చేతి కింద పెరిగిన తలలే. పైనుంచి మొదటి సంతకం మీది.

కూల్చిన రోజు అద్దం పగిలింది. మా చెల్లెలి ఊరికి బయల్దేరితే కుర్చీ బస్సు మీదకి ఎక్కలేదు. "హాలులో పెడతాం, ఎప్పుడు కావాలంటే అప్పుడు పట్టుకెళ్లండి" అన్నది మీరే. ఇప్పుడు కావాలి.

ఇట్లు,
నిదానం గారి భార్య

తా.క.: అది వచ్చిన కొత్తలో గడ్డానికి కూర్చున్నవాళ్లంతా అలవాటు కొద్దీ నోరు తెరిచేవాళ్లు. మీ అధ్యక్షులవారు అందులో కూర్చుని ఈ రెండేళ్లుగా ఆపకుండా మాట్లాడుతున్నారంటే తప్పు ఆయనది కాదేమో, కుర్చీదేమో.

* * *

గౌరవనీయులైన సోదరి గారికి,

నమస్కారములు. సంస్మరణ సభ దిగ్విజయంగా జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మీరు రాకపోవడం తీరని లోటు. వేదిక మీద మీ ఇద్దరి కుర్చీలూ ఖాళీగానే ఉంచాం.

సరిగ్గా పది గంటలకు అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాం. నిదానం గారిలోని కళాకారుణ్ణి మొట్టమొదట గుర్తించింది తానేనని అధ్యక్షులవారు గద్గద స్వరంతో చెప్పారు. ఆయన చేతి వేగం మెరుపులాంటిదని ఉపాధ్యక్షులు కొనియాడారు. ఎవరూ కాదనలేదు.

ముఖ్య విషయం. మీ ఉత్తరం చదివాక, అది కుర్చీయేనని సభ ఏకగ్రీవంగా అంగీకరించింది. అయితే ఇంత చరిత్ర ఉన్న కుర్చీ ఊరు దాటడం ఊరికే అవమానమని ఉపాధ్యక్షులు వాదించారు. తమకు కొత్త మెత్తటి కుర్చీ మంజూరు కావడంతో అధ్యక్షులవారు కూడా త్యాగానికి సిద్ధపడ్డారు. షాపు ఉన్న చోటే సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద కుర్చీని నాలుగు బోల్టులతో శాశ్వతంగా బిగించాం. చుట్టూ ఇనప కంచె వేశాం. 'నిదానం గారి కుర్చీ. ఇందులో ఎవరూ కూర్చోరాదు' అని బోర్డు కూడా పెట్టాం.

ఆయన కుర్చీ ఆయనకే ఇవ్వమన్నారు. ఆయన పేరే రాయించాం. మీ కోరిక నెరవేరినట్టే కదా!

ఇట్లు,
విధేయుడు,
కార్యదర్శి

తా.క.: కంచె వేసినా లాభం లేకపోయింది. మొదటి రోజే ఓ కుక్క ఎక్కి పడుకుంది. దానికి చదువు రాదు కనుక చర్య తీసుకోలేకపోయాం.

ఇంకో తా.క.: మా నాన్న సంగతి నాకు గుర్తుంది. సభలో చెబుదామని లేచాను. వక్తలు ఎక్కువయ్యారు, సమయం లేదన్నారు. కూర్చున్నాను.

* * *

కార్యదర్శి గారికి,

నమస్కారాలు. మీరు లేచి మౌనం పాటించిన ఆదివారం పది గంటలకి మా ఆయన జావ తాగుతున్నాడు.

అవునండీ. బతికే ఉన్నాడు. టీ కొట్టాయన "పోయాడు" అన్నది ఊరొదిలి పోయాడని. అది ఇంకోలా విన్నది మీ కోశాధికారి. నేను మాత్రం పోయాడని ఎక్కడా రాయలేదు. నా ఉత్తరాలు దాచి ఉంటే తీసి చూసుకోండి.

ఎనిమిది నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, సగం నోరు పడిపోయాయి. పడుకోబెట్టి తాగిస్తే గొంతులో అడ్డం పడి ఊపిరి ఆడేది కాదు. తల కదలకుండా, వీపు కాస్త వాల్చి, కూర్చోబెట్టి తాగించమన్నాడు డాక్టరు. మంచం మీద ఎన్ని దిండ్లు పెట్టినా కుడివైపుకి జారిపోయేవాడు. మా చెల్లెలి మొగుడు పాత తలుపుతో ఓ కుర్చీ చేశాడు, అందులోనూ జారాడు. "నా కుర్చీ తెప్పించవే, అందులో అయితే పడను" అన్నాడు. మీ సంఘానికి రెండు ఉత్తరాలు రాయించాడు. కింద ఎడం చేత్తో సంతకం కూడా పెట్టాడు. రెండింటికీ జవాబు లేదు. మూడోది రాద్దామా అనుకుంటుండగా మీ సంతాపం వచ్చింది.

కీర్తిశేషులు అన్న దగ్గర సగం నోటితోనే నవ్వాడు. "చూశావా, చివరికి బిరుదు ఇచ్చారు" అన్నాడు. నేను కోపంతో కాగితం తీసి, బతికే ఉన్నాడని రాయబోయాను. ఆపాడు. "ఉన్నవాడు అడిగితే పలకలేదు. పోయినవాడికైతే ఇస్తారేమో చూద్దాం. నువ్వు అబద్ధం రాయకు. పోయాననీ రాయకు, ఉన్నాననీ రాయకు" అన్నాడు. ఆయన మాట విన్నాను. వినకుండా ఉండాల్సిందేమో.

మీ ఉత్తరాలన్నీ విన్నాడు. గౌరవ ఉపాధ్యక్షుడైన రోజు నవ్వి నవ్వి దగ్గొచ్చి, వీపు నిమరాల్సి వచ్చింది. చివరి ఉత్తరానికి నవ్వలేదు. "ఎన్ని బోల్టులు?" అని అడిగాడు. నాలుగన్నాను. "అయితే ఊడదులే" అని గోడవైపు తిరిగాడు. మీ నాన్నగారి సంగతి చదివితే మాత్రం మళ్లీ ఇటు తిరిగి, "పెద్దాయన గడ్డం చాలా బిరుసు" అన్నాడు. మిమ్మల్ని ఏమీ అనలేదు.

ఆ మర్నాడు జావ అడ్డం పడింది. ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. జ్వరం తగ్గలేదు. నాలుగో రోజు, గురువారం పొద్దున పోయాడు. ఇది నేను రాస్తున్నాను కాబట్టి నిజం.

కుర్చీ ఉంటే బతికేవాడని నేననను. డాక్టరూ అనలేదు. కూర్చుని పోయేవాడు, అంతే.

మళ్లీ సభ పెట్టక్కర్లేదు. మౌనం ముందే పాటించేశారుగా.

ఇట్లు,
నిదానం గారి భార్య

తా.క.: మీ ఊరి నుంచి ఇక్కడికి రోజుకి మూడు బస్సులు. రెండున్నర గంటల ప్రయాణం. మా చెల్లెలి ఇంటి ఎదురుగానే ఆగుతాయి. ఈ రెండు నెలల్లో దిగిన ప్రతి మనిషినీ నేను కిటికీలోంచి చూశాను.